ఆరు భాషల సైట్లకు ఒక పొట్టి డొమైన్: ప్రాజెక్టు డైరీ

కట్టేది ఇది: సైన్సు పదాలకు తేలిక భాషలో వివరణలిచ్చే ఆరు చిన్న సైట్లు. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం, మరాఠీ, హిందీ. డిజైన్ ఒకటే, సర్వర్ ఒకటే, రాసేవాళ్లు మాత్రం వేరు. వాటి డొమైన్‌ను (సైట్ అడ్రస్‌గా వాడే పేరును) ఎందుకు, ఎలా ఎంచుకున్నామో ఇక్కడ పెడుతున్నా. ఇలాంటిదే ఇంకెవరైనా చేస్తుంటే బెడిసికొట్టిన దారులు వాళ్లకు ముందే తెలుస్తాయి.

దశ 0: షరతులు

"పొట్టి పేరు కావాలి" అనుకుని కూర్చుంటే ఎక్కడా తేలదు, ఎవరి పొట్టి వాళ్లది. అందుకే ముందు కొలవగలిగే షరతులు రాసుకున్నాం.

1. ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు సరిగ్గా టైప్ చేయాలి.
2. 20 మి.మీ. స్టిక్కర్ మీద క్యూఆర్ కోడ్ పడాలి, కెమెరా బాగాలేని ఫోన్ కూడా దాన్ని చదవాలి.
3. తెలుగు ఎస్సెమ్మెస్‌లో అడ్రస్ పెట్టినా చెప్పాల్సిన మాటకు చోటు మిగలాలి. ఇంగ్లిష్ అక్షరాలే ఉంటే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి గానీ, ఒక్క తెలుగు అక్షరం చేరినా పరిమితి 70కి పడిపోతుంది.
4. ఏ దేశంలో ఏం జరిగినా పేరు చేజారకూడదు.
5. రెన్యువల్ ఖర్చు తక్కువుండాలి. మామూలు డొమైన్ ఒకదాని ఏడాది రెన్యువల్‌ను 1 యూనిట్ అనుకుని లెక్కేశాం.

మొదటి ఏడాది ఆఫర్ ధరను లెక్కలోకి తీసుకోలేదు. కొత్తగా వచ్చిన ఎండింగులు (అడ్రస్‌లో చివరి చుక్క తర్వాతి భాగం) కొన్నిటిలో పొట్టి పేర్లకు ప్రీమియం ధర ఉంటుంది, కొన్నప్పుడే కాదు, కొన్నిసార్లు ఏటా అదే కట్టాలి. కార్ట్‌లో వేసే ముందు రెన్యువల్ కాలమ్ చూడండి, లేకపోతే రెండో ఏడాది బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది.

దశ 1: భాషకో దేశం ఎండింగు (వదిలేశాం)

మొదటి ప్లాన్ పేపర్ మీద భలే ఉంది. పేరు ఒకటే, చివర మాత్రం భాష కోడ్. కన్నడానికి డాట్ కెఎన్, మలయాళానికి డాట్ ఎంఎల్, మరాఠీకి డాట్ ఎంఆర్. ఐదక్షరాల పేరు, ఒక చుక్క, రెండక్షరాలు కలిపి 8. ఇంతకంటే పొట్టి ఇంకేం కావాలి?

తీరా చూస్తే రెండక్షరాల ఎండింగులన్నీ దేశాలకూ ప్రాంతాలకూ చెందినవి. అవి ఐఎస్ఓ 3166 అనే దేశం కోడ్‌ల జాబితా నుంచి వస్తాయి. భాష కోడ్‌లు ఐఎస్ఓ 639 నుంచి వస్తాయి. ఈ రెండు జాబితాలకీ ఒకదానితో ఒకటి సంబంధమే లేదు. మా ఆరు భాషలకు వెతికితే తేలింది ఇదీ:

- కెఎన్: సెయింట్ కిట్స్ అండ్ నెవిస్
- ఎంఎల్: మాలి
- ఎంఆర్: మారిటేనియా
- టీఈ, టీఏ, హెచ్‌ఐ: ఏ దేశానివీ కావు, అసలు అలాంటి ఎండింగులే లేవు

అంటే ఆరింటిలో సగానికి దారి లేదు, మిగతా సగం ఎక్కడో ఉన్న మూడు దేశాల చేతిలో ఉంది. పైగా సెర్చ్ ఇంజిన్లు దేశం ఎండింగును చాలావరకు ఆ దేశపు పాఠకుల కోసమే అనుకుంటాయి. మలయాళం సైట్‌ను మాలి ప్రజలకు చూపిస్తే మనకొచ్చేది ఏముంది? డాట్ కో, డాట్ ఐఓ లాంటి కొన్నిటిని గూగుల్ జనరల్‌గా చూస్తుంది కానీ మన మూడింటి విషయంలో ఆ భరోసా పెట్టుకోలేం.

డాట్ ఎంఎల్ గురించి చదువుతుంటే ఇంకో సంగతి తగిలింది. అమెరికా సైన్యం వాడే ఎండింగు డాట్ ఎంఐఎల్. అందులో ఐ మర్చిపోయిన మెయిళ్లు ఏళ్ల తరబడి మాలి ఎండింగుకు వెళ్లాయని 2023లో వార్తలొచ్చాయి. ఒక్క అక్షరం తేడాలో పేరున్న ఇంకో ఎండింగు ఉంటే ఆ ఇబ్బంది రెండు వైపులా ఉంటుంది.

నాలుగో షరతు దగ్గర ఈ ప్లాన్ పూర్తిగా పడిపోయింది. దేశం కోడ్ జాబితాలోంచి పోతే సాధారణంగా ఎండింగు కూడా పోతుంది. యుగోస్లావియా డాట్ వైయూ 2010లో మూతపడింది. తూర్పు తైమూర్ పాత ఎండింగు డాట్ టీపీ, నెదర్లాండ్స్ ఆంటిల్లీస్ డాట్ ఏఎన్ 2015లో పోయాయి. డాట్ ఐఓ కూడా బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది. ఆ దీవులను మారిషస్‌కు అప్పగిస్తామని 2024లో ప్రకటించాక దాని భవిష్యత్తు గురించి చర్చ మొదలైంది, ఒప్పందం మీద 2025లో సంతకాలయ్యాయి. ఇలాంటి మూసివేతకు చాలా ఏళ్ల గడువిస్తారు, రాత్రికి రాత్రి ఏమీ పోదు. అయినా అతికించిన స్టిక్కర్లన్నీ పీకి మళ్లీ అతికించే పని ఎవరికి కావాలి?

దశ 1 లెక్క: పొడవు 8. భాషలు 3/6. ఖర్చు: మూడు రిజిస్ట్రీలు (ఎండింగును నడిపే సంస్థలు), మూడు రేట్లు, మూడు రకాల రూల్స్, అన్నిటికీ కలిపి ఒక యూనిట్ లెక్క కట్టడమే కుదరలేదు.

దశ 2: ఏ భాష లిపిలో ఆ పేరు (సగం ఉంచాం)

మనసుకు నచ్చిన దారి ఇదే. తెలుగు సైట్‌కు తెలుగులోనే అడ్రస్. తెలుగు లిపిలో డాట్ భారత్ ఎండింగు ఉంది కూడా. తెరమీద చూస్తే పొట్టిగా, అందంగా ఉంటుంది, అది కాదనను. కాకపోతే డీఎన్ఎస్‌కు (అడ్రస్‌ను బట్టి సర్వర్ ఎక్కడుందో చెప్పే వ్యవస్థకు) తెలుగు రాదు. అందుకే బ్రౌజర్ ప్రతి పేరునూ ప్యూనికోడ్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలుగా మార్చి, ముందు ఎక్స్, ఎన్, రెండు హైఫన్లు తగిలించాకే బయటికి పంపుతుంది.

కొలతకు ఒక ఉదాహరణ తీసుకున్నా. "తెలుగు" అనే మాట:

- కంటికి కనిపించేవి: 3 అక్షరాలు
- యూనికోడ్‌లో (కంప్యూటర్ల కోసం అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చిన పట్టికలో): 6 (త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము)
- ప్యూనికోడ్‌లో: ముందు తగిలించిన నాలుగుతో కలిపి 15

డాట్ భారత్ ఎండింగు కూడా ఇలాగే 5 యూనికోడ్ అక్షరాల నుంచి 13కి పెరుగుతుంది. మధ్యలో చుక్కతో మొత్తం 29. ఒక్కో భాగానికి 63 దాకా పరిమితి ఉంది కాబట్టి సాంకేతికంగా ఇబ్బందేమీ లేదు, పొట్టిదనం మాత్రం గాల్లో కలిసిపోయింది.

"తెలుగులో కనిపిస్తే చాలు కదా, లోపల ఎంత పొడవుంటే మనకేంటి" అని టీమ్‌లో వాదన వచ్చింది. న్యాయమైన వాదనే. అందుకని నిజంగా ఎక్కడెక్కడ ఎలా కనిపిస్తుందో ట్రయల్ పేరు పెట్టి చూశాం:

1. బ్రౌజర్ అడ్రస్ బార్: చాలావరకు తెలుగులోనే కనిపించింది.
2. అక్కడి నుంచి కాపీ చేసి చాట్‌లో పేస్ట్ చేస్తే: ఎక్స్ఎన్‌తో మొదలయ్యే పొడుగాటి తోక. చూసినవాళ్లు ఏదో ఫ్రాడ్ లింక్ అనుకున్నారు.
3. తెలుగులోనే టైప్ చేసి చాట్‌లో పంపితే: ఒక యాప్‌లో లింక్ అయింది, ఇంకోదానిలో మామూలు అక్షరాలుగా ఉండిపోయింది.
4. ఈమెయిల్: తెలుగు అడ్రస్‌కు మెయిల్ పంపే ప్రమాణం 2012 నుంచే ఉంది. చాలా సైట్ల ఫారాలు మాత్రం ఆ అడ్రస్‌ను "చెల్లదు" అని తిప్పికొట్టాయి.

ఇక అసలు తలనొప్పి కనిపించని అక్షరం. "సాఫ్ట్‌వేర్" లాంటి మాట రాసేటప్పుడు ట కింద వ ఒత్తుగా మారకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేస్తాయి, కొన్ని వేయవు. డొమైన్ పేర్ల పాత ప్రమాణం దాన్ని తీసిపారేసేది. 2010లో వచ్చిన కొత్తది పొల్లు తర్వాత వస్తే ఒప్పుకుంటుంది. ఫలితంగా ఒకే పేరు ఒక ప్రోగ్రాంలో ఒక అడ్రస్, ఇంకో ప్రోగ్రాంలో వేరే అడ్రస్. కాబట్టి తెలుగు లిపిలో పేరు తీసుకునేవాళ్లు పొల్లు తర్వాత హల్లు విడిగా నిలబడాల్సిన మాటల జోలికి పోకపోవడమే మంచిది.

కన్నడ, తెలుగు లిపుల మధ్య ఇంకో చిక్కు. ర, గ లాంటివి రెండిటిలో దాదాపు ఒకేలా ఉంటాయి, యూనికోడ్‌లో మాత్రం వేర్వేరు అక్షరాలు. రెండు లిపులు కలిపిన పేరు కనిపిస్తే బ్రౌజర్లు అనుమానించి ఎక్స్ఎన్ రూపమే చూపిస్తాయి. రెండు భాషల్లో సైట్లు నడిపేవాళ్లు ఒక దాంట్లోంచి కాపీ చేసి ఇంకో దాంట్లో పేస్ట్ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

చివరికి తేల్చుకున్నది: లిపి డొమైన్‌ను ముఖ్య అడ్రస్‌గా పెట్టం. తెలుగుకు మాత్రం ఒకటి తీసుకుని రీడైరెక్ట్‌కు (అసలు అడ్రస్‌కు దారి మళ్లించడానికి) ఉంచుతాం. దాన్ని ఎక్కడా ప్రింట్ చేయం, తెలుగులో టైప్ చేసి వచ్చేవాళ్లకు తలుపు తెరిచి ఉంటుంది, అంతే.

దశ 2 లెక్క: పొడవు 29. ఖర్చు ఆరు భాషలకు 6 యూనిట్లు, ప్రతిదానికీ ఇంగ్లిష్ అక్షరాల జోడీ పేరు తప్పదు కాబట్టి 12. ఉంచుకున్నది 1.

దశ 3: ఒకే మొదలు, ఆరు కొమ్మలు

ఇక మిగిలింది ఒకే పొట్టి పేరు, దానికి భాష కోడ్. కోడ్ ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? ముందు పెడితే సబ్‌డొమైన్ (కోడ్, చుక్క, పేరు, చుక్క, ఎండింగు). వెనక పెడితే ఫోల్డర్ (పేరు, చుక్క, ఎండింగు, ఏటవాలు గీత, కోడ్). ఐదక్షరాల పేరు, మూడక్షరాల ఎండింగు అనుకుంటే రెండూ సరిగ్గా 12 అక్షరాలే. పొడవులో టై.

దీని మీద వాదనలు చాలా నడిచాయి, ఎటూ తేలలేదు. తేల్చింది క్యూఆర్ కోడ్.

క్యూఆర్‌లో పెద్ద అక్షరాలు, అంకెలు, ఇంకొన్ని గుర్తులు మాత్రమే ఉంటే ఆల్ఫాన్యూమరిక్ మోడ్‌లో పడుతుంది, చోటు తక్కువ తీసుకుంటుంది. ఒక్క చిన్నక్షరం ఉన్నా దాన్ని బైట్ మోడ్‌లో పెట్టాల్సిందే. అన్నిటికంటే చిన్న సైజు వెర్షన్ 1, అంటే 21×21 గడులు. మధ్యస్థ ఎర్రర్ కరెక్షన్ (ఎం; కోడ్ కాస్త చెరిగినా చదవగలిగే ఏర్పాటు) పెడితే వెర్షన్ 1లో పట్టేవి:

- ఆల్ఫాన్యూమరిక్ మోడ్: 20
- బైట్ మోడ్: 14

ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు గీతలు కలిపి 8. మన 12 కలిపితే 20. అంతా పెద్ద అక్షరాల్లో రాస్తే అంచున సరిపోయింది! చిన్నక్షరాల్లో రాస్తే అదే 20 వెర్షన్ 1లో పట్టదు, 25×25 గడుల వెర్షన్ 2కి పోతుంది.

ఇక్కడే సబ్‌డొమైన్ గెలిచింది. హోస్ట్ పేరులో (అడ్రస్‌లో ఫోల్డర్ గీతకు ముందున్న భాగంలో) పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా లేదు. ఫోల్డర్ పేరులో ఉంటుంది: చిన్నక్షరాల టీఈ వేరు, పెద్దక్షరాల టీఈ వేరు. సర్వర్‌లో రీడైరెక్ట్ రాసి సర్దుకోవచ్చు, కానీ ఆరు భాషలకూ ఆ రూల్ ఎప్పటికీ మోస్తూ ఉండాలి.

20 మి.మీ. స్టిక్కర్ మీద కొలతలు (చుట్టూ నాలుగేసి గడుల తెల్ల అంచుతో కలిపి):

- సబ్‌డొమైన్, పెద్దక్షరాలు, 20: వెర్షన్ 1, మొత్తం 29 గడులు, గడి 0.69 మి.మీ.
- అదే చిన్నక్షరాల్లో: వెర్షన్ 2, మొత్తం 33 గడులు, గడి 0.61 మి.మీ.
- లిపి డొమైన్ ప్యూనికోడ్‌లో, పెద్దక్షరాలు, 37: వెర్షన్ 2, గడి 0.61 మి.మీ.
- లిపి డొమైన్ నేరుగా తెలుగులో (ఒక్కో అక్షరానికి 3 బైట్లు), 42 బైట్లు: వెర్షన్ 3, మొత్తం 37 గడులు, గడి 0.54 మి.మీ.

0.69కీ 0.54కీ తేడా చేతిలో పెట్టుకుని చూస్తే పెద్దగా తెలియదు. మంచి ఫోన్లు నాలుగూ చదివేశాయి. కెమెరా గీతలు పడ్డ పాత ఫోన్ మాత్రం చివరిదాని దగ్గర ముందుకీ వెనక్కీ జరిపితే గానీ పట్టుకోలేదు, స్టిక్కర్ గుండ్రటి డబ్బా మీద ఉంటే అసలు పట్టుకోలేదు.

కాపీ కొట్టేవాళ్లు ఒకటి గమనించండి. మేం వాడిన క్యూఆర్ జనరేటర్ అడ్రస్ చివర తనంతట తానే ఒక గీత తగిలించింది. 20 కాస్తా 21 అయి, చెప్పా పెట్టకుండా వెర్షన్ 2కి మారిపోయింది. ప్రింట్‌కి ఇచ్చే ముందు కోడ్‌లో ఒక వరుస గడులు లెక్కపెట్టండి: 21 ఉండాలి. 25 ఉంటే ఎక్కడో ఒక అక్షరం ఎక్కువైంది, లేదా ఒక చిన్నక్షరం దూరింది.

దీంతో పేరుకు గట్టి పరిమితి దొరికింది. మూడక్షరాల ఎండింగుతో ఐదక్షరాలు, అంతకు మించి ఒక్కటి కూడా వద్దు. ఎస్సెమ్మెస్ షరతు కూడా ఇక్కడే తీరింది, 70లో 20 పోతే మాటకు 50 మిగులుతాయి.

దశ 3 లెక్క: పొడవు 12. భాషలు 6/6. ఖర్చు 1, లిపి డొమైన్‌తో 2.

దశ 4: ఐదక్షరాలు ఎక్కడ దొరుకుతాయి

డాట్ కామ్ వైపు ఆశ పెట్టుకోలేదు. ఒక్క అక్షరం పేర్లు 1993లోనే రిజర్వ్ చేశారు, అప్పటికే ఉన్న కొన్ని తప్ప. రెండక్షరాలవి 676, మూడక్షరాలవి 17,576, నాలుగక్షరాలవి 4,56,976. ఇవన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు కొనాలంటే చేతులు మారే మార్కెట్లోనే. మాది లాభం కోసం నడిపేది కాదు కాబట్టి డాట్ ఆర్గ్ సరిపోతుందనుకున్నాం.

మొదట అర్థవంతమైన మాటలతో మొదలెట్టాం. పదం, పాఠం, అర్థం, ఇలాంటివి. ఫోన్‌లో చెప్పి టైప్ చేయించే పరీక్షలో అన్నీ బోర్లాపడ్డాయి. "పాఠం" చెబితే ఒకరు రెండు ఏలు వేశారు, ఇంకొకరు ఒక్కటే; ఒకరు టీ రాశారు, ఒకరు టీ పక్కన హెచ్ చేర్చారు, తమిళం టీమ్ నుంచి డీతో వచ్చింది. మా కన్నడం టీమ్ కుర్రాడు తెలుగు బాగానే మాట్లాడతాడు, అతనే విసుక్కుంటూ తిరిగి ఫోన్ చేశాడు: "అన్నా, టీ తర్వాత హెచ్ ఉందా లేదా అది చెప్పు, మిగతాది నేను చూసుకుంటా." అతను అడిగాడు కాబట్టి సరిపోయింది, మామూలుగా సైట్‌కొచ్చేవాళ్లు ఎవర్ని అడుగుతారు?

కారణం తెలిసిందే. తమిళం, మలయాళం వాళ్లకు టీ, హెచ్ కలిపితే "త". హిందీ, మరాఠీ వాళ్లకు అదే "థ". మనం తెలుగులో రెండు రకాలుగానూ రాస్తాం, ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. తమిళ లిపిలో ప, బ లకు ఒకే అక్షరం, క, గ లకు ఒకే అక్షరం. ఆరు భాషలకూ ఒకే పేరు కావాలంటే ఈ తగవులున్న అక్షరాలన్నీ తీసేయాలి. అర్థం సంగతి తర్వాత, ముందు స్పెల్లింగ్.

తీసేసినవి:

1. టీ, డీ, హెచ్: పైన చెప్పిన గొడవ.
2. ఎస్: ఎస్సా, ఎస్ హెచ్చా అని అడుగుతారు.
3. వీ, డబ్ల్యూ: ఒకరు వీ రాస్తే ఇంకొకరు డబ్ల్యూ.
4. జే, జీ, జెడ్, బీ: జత అక్షరాలతో కలిసిపోతాయి.
5. సీ, క్యూ, ఎక్స్, ఎఫ్, వై: వినగానే రాయలేం.
6. ఎల్: చిన్నక్షరంలో ఒకటి అంకెలా ఉంటుంది.
7. ఓ: సున్నాతో తికమక.
8. ఈ: ఐ రాయాలా ఈ రాయాలా అన్న సందేహం.

మిగిలిన హల్లులు కె, ఎం, ఎన్, పీ, ఆర్. అచ్చులు ఏ, ఐ, యూ. హల్లు, అచ్చు, హల్లు, అచ్చు, హల్లు వరుసలో ఐదక్షరాలవి 5×3×5×3×5 = 1,125. చివరి హల్లు లేని నాలుగక్షరాలవి 225.

మొత్తం అభ్యర్థులు: 1,350.

దశ 5: ఖాళీగా ఉన్నవేవి

రాసిన మొదటి స్క్రిప్టు డీఎన్ఎస్‌ను అడిగేది. "అలాంటి పేరు లేదు" అని జవాబొస్తే ఖాళీ అని రాసుకునేది. ఆ పద్ధతి పనికిరాదు. పేరు కొని నేమ్‌సర్వర్లు పెట్టకపోయినా, రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) హోల్డ్‌లో పెట్టినా డీఎన్ఎస్ అదే జవాబిస్తుంది. ఖాళీ అనుకున్న పేర్లలో చాలావాటికి ఓనర్లున్నారు.

మార్చి ఇలా చేశాం:

1. ఆర్‌డీఏపీతో నేరుగా రిజిస్ట్రీ సర్వర్‌నే అడగడం. జనరల్ ఎండింగులకు 2025 జనవరి 28 నుంచి పాత హూయిజ్ (డొమైన్ ఎవరిదో అడిగే పద్ధతి) తప్పనిసరి కాదు, దాని బదులు ఇదే. జవాబు ప్రోగ్రాములు చదవగలిగే జేసన్ రూపంలో వస్తుంది, స్క్రిప్టు రాయడం తేలిక.
2. 404 ("అలాంటిది లేదు" అనే జవాబు) వస్తే "రిజిస్టర్ కాలేదు" అని రాసుకోవడం. "కొనొచ్చు" అని మాత్రం కాదు, ఎందుకంటే రిజర్వ్ చేసిన పేర్లకూ 404 రావచ్చు.
3. ఒక్కో ప్రశ్నకు మధ్య రెండు సెకన్లు ఆగడం. ఆగకుండా కొడితే సర్వర్ 429 ("మరీ ఎక్కువ అడుగుతున్నారు") ఇచ్చి తలుపేసేసింది.
4. 404 వచ్చినవాటిని మాత్రమే రిజిస్ట్రార్ దగ్గర చెక్ చేయడం.

నాలుగక్షరాలవి ఒక్కటీ మామూలు రేటుకు దొరకలేదు. ఐదక్షరాలవాటిలో కొనదగ్గవి 340.

మిగిలినవి: 340.

దశ 6: అర్థాల జల్లెడ

అర్థం లేని పేరు అని మనం అనుకుంటే సరిపోదు, ఆరు భాషల్లో ఏదో ఒక దాంట్లో దానికి అర్థం ఉండనే ఉంటుంది. జాబితాను ఆరు లిపుల్లోకీ మార్చి, పొట్టి అచ్చు, పొడుగు అచ్చు రెండు రకాలుగానూ చదివించాం. ఇది మనుషులు చేయాల్సిన పని, డిక్షనరీ స్క్రిప్టు బూతులను పట్టుకోలేదు.

"పినం" మనకు ఏమీ కాదు, తమిళంలో దాన్ని శవం అని చదువుతారు. "మరక్" తెలుగువాళ్లకు మరకను గుర్తు చేస్తుంది, అచ్చు సాగదీస్తే హిందీలో ప్రాణాంతకం. "నకర్" మరాఠీలో తిరస్కారానికి దగ్గరగా వస్తుంది. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు, దేవుళ్ల పేర్లు కూడా తీసేశాం, లేనిపోని గొడవలు వద్దని. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్లలోనూ వెతికాం, దాని గురించి పెద్దగా చెప్పేందుకేం లేదు, విసుగు పుట్టించే పని, తప్పదు.

మిగిలినవి: 31.

ఈ 31 పేర్లతో మళ్లీ ఫోన్ పరీక్ష. పేరు ఒక్కసారే చెప్పాలి, అక్షరాలు విడదీసి చెప్పకూడదు, ఆరు భాషల వాళ్లూ మొదటి ప్రయత్నంలోనే సరిగ్గా టైప్ చేయాలి. ఎం, ఎన్ పక్కపక్క అక్షరాల్లో ఉన్నవి దాదాపు అన్నీ పోయాయి. లైన్ సరిగా లేకపోతే ఆ రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. ఒకే హల్లు మూడుసార్లు వచ్చినవీ పోయాయి, ఎన్నిసార్లు వచ్చిందో జనం మర్చిపోతారు.

మిగిలినవి: 4.

దశ 7: పాత చరిత్ర

ఇప్పుడు ఖాళీగా ఉంది అంటే ఎప్పుడూ ఎవరిదీ కాదని కాదు. నాలుగింటినీ వేబ్యాక్ మెషిన్‌లో (పాత వెబ్ పేజీలు దాచిపెట్టే సైట్‌లో) చూశాం. ఒకటి కొన్నాళ్ల క్రితం జూదం లింకులతో నిండిన సైట్. ఇంకోదాని మీద మెయిల్ బ్లాక్‌లిస్ట్ ఒకదానిలో ఇప్పటికీ ముద్ర ఉంది. చరిత్ర బాగాలేని పేరు ఎంత బాగున్నా వద్దు, సెర్చ్‌లోనూ మెయిల్‌లోనూ ఆ మచ్చ పోగొట్టడానికి పట్టే కాలం ఎవరూ చెప్పలేరు.

మిగిలినవి: 2. ఆర్ మీద ముగిసేదాన్ని తీసుకున్నాం, నోటికి అది తేలిగ్గా ఉందని. రెండోది కూడా కొనాలా అన్న ప్రశ్న వచ్చింది. అవసరం లేదు. దానికి బదులు మన పేరులో ఎక్కువమంది చేసే తప్పు ఏదో (ఏ ఉన్నచోట రెండు ఏలు) ఫోన్ పరీక్షలో తెలిసింది కాబట్టి ఆ తప్పు స్పెల్లింగ్‌ను కొని రీడైరెక్ట్ పెట్టాం. పేరు ఇక్కడ రాయడం లేదు, రాస్తే డైరీ కాస్తా ప్రకటన అవుతుంది.

ఖర్చు మొత్తం: అసలు పేరు 1, తప్పు స్పెల్లింగ్ 1, తెలుగు లిపి 1. కలిపి 3 యూనిట్లు. దశ 2 ప్రకారం పోయుంటే 12.

దశ 8: వైరింగ్

డీఎన్ఎస్‌లో మొదట వైల్డ్‌కార్డ్ రికార్డు (ముందు ఏ కోడ్ ఉన్నా ఒప్పుకునేది) పెట్టాం, ఆరు సబ్‌డొమైన్లు ఒక్క లైన్‌తో అయిపోతాయని. దాంతో ఎవరేం టైప్ చేసినా హోం పేజీ తెరుచుకోవడం మొదలైంది. టీఈఎల్, టీఈఈ, ఏదైనా సరే. సెర్చ్ రోబోలు వాటిని వేరే వేరే సైట్లుగా లెక్కేస్తాయి. దాన్ని తీసేసి ఆరు పేర్లూ విడివిడిగా రాశాం. తప్పు కోడ్ కొడితే ఇప్పుడు తెరుచుకోదు, అదే మంచిది.

మిగతా క్రమం:

1. మార్పులు చేస్తున్నన్ని రోజులు టీటీఎల్ (డీఎన్ఎస్ జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది) 300 సెకన్లు. అంతా కుదిరాక 86,400.
2. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌లో రెండు పేర్లు: వైల్డ్‌కార్డ్ ఒకటి, భాష కోడ్ లేని మొదలు పేరు ఒకటి. వైల్డ్‌కార్డ్ ఒక్క మెట్టుకే వర్తిస్తుంది. మొదలు పేరు అందులోకి రాదు, టీఈ ముందు ఇంకో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తగిలిస్తే అదీ రాదు. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో వైల్డ్‌కార్డ్ కావాలంటే డీఎన్ఎస్ ద్వారానే రుజువు చూపాలి.
3. హెచ్ఎస్‌టీఎస్‌లో (ఎప్పుడూ హెచ్‌టీటీపీఎస్‌తోనే తెరవమని బ్రౌజర్‌కు చెప్పే సెట్టింగులో) సబ్‌డొమైన్లను కూడా చేర్చే ఆప్షన్ ఆరూ హెచ్‌టీటీపీఎస్‌లో తెరుచుకున్నాకే.
4. మెయిల్ పంపని రెండు రీడైరెక్ట్ డొమైన్లకు "ఇక్కడి నుంచి మెయిల్ రాదు" అని ఎస్‌పీఎఫ్, డీమార్క్ రికార్డులు. లేకపోతే మన పేరుతో ఇంకెవరో పంపుతారు.
5. ప్రతి పేజీలో హెచ్‌రెఫ్‌లాంగ్ లైన్లు (ఇదే పేజీ ఏ భాషలో ఎక్కడుందో సెర్చ్ ఇంజిన్‌కు చెప్పేవి) ఏడు: ఆరు భాషలు, ఏ భాషా సరిపోలనివాళ్లకు ఒక ఎక్స్-డిఫాల్ట్. ప్రతి భాషా మిగతా అన్నిటినీ చూపాలి, అవి మళ్లీ దీన్ని చూపాలి. ఒక వైపే ఉంటే సెర్చ్ ఇంజిన్ పట్టించుకోదు.

హిందీ సబ్‌డొమైన్‌కు ఐఎన్ అని పెడదామని ఒకరన్నారు. అది దేశం కోడ్. భాష కోడ్‌గా చూస్తే అది ఇండోనేషియన్ భాషకు ఒకప్పుడు వాడిన కోడ్, తర్వాత ఐడీగా మార్చారు. హెచ్‌ఐ అనే ఉంచాం.

మొదలు పేరు మాత్రమే కొడితే ఏం చూపాలన్నది కాస్త నలిగింది. బ్రౌజర్ భాషను బట్టి దానంతటదే పంపించేద్దాం అనుకున్నాం, పెట్టాం కూడా. చాలామంది ఫోన్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, వాళ్లకు మా దగ్గర ఏ భాషా సరిపోలక డిఫాల్ట్‌గా పెట్టిన హిందీకి వెళ్లిపోయారు. తమిళం వాళ్ల నుంచి వెంటనే ఫిర్యాదు. ఆటోమేటిక్ తీసేసి ఆరు పెద్ద బటన్లు పెట్టాం, ఏ భాష పేరు ఆ లిపిలోనే. ఒకసారి నొక్కితే ఆ ఎంపిక కుకీలో (బ్రౌజర్ దాచుకునే చిన్న గుర్తులో) ఉంటుంది. కుకీని మొదలు డొమైన్ పేరు మీద రాస్తే ఆరు సబ్‌డొమైన్లూ చదవగలవు, వేర్వేరు డొమైన్లు తీసుకుని ఉంటే ఇది కుదిరేది కాదు.

ఇప్పటి పరిస్థితి

- పొడవు: 12. క్యూఆర్: వెర్షన్ 1, ఎం.
- నడుస్తున్న సైట్లు: 5. మలయాళం ఇంకా ఖాళీ పేజీ, రాసేవాళ్లు దొరికారు, పని మొదలవ్వాలి. అప్పటిదాకా హెచ్‌రెఫ్‌లాంగ్‌లో ఆ లైన్ తీసి ఆరు లైన్లే ఉంచాం.
- ఆటో రెన్యువల్ మూడింటికీ ఆన్. అసలు పేరుకు ఒకేసారి పదేళ్లు కట్టాలన్నది ఆలోచన, ఎక్కువలో ఎక్కువ అంతే ఒప్పుకుంటారు.
- రిజిస్ట్రార్ అకౌంట్ ఒక్కరి మెయిల్ మీదే ఉంది. అది ఇద్దరు చూసే మెయిల్‌కు మారాలి, అదీ ఈ డొమైన్ మీద లేని మెయిల్‌కు. డొమైన్ ఆగిపోయిందనే హెచ్చరిక అదే డొమైన్ మెయిల్‌కు వస్తే చదివేదెవరు?
- రిజిస్ట్రార్ మార్చాలనుకుంటున్నాం, కొత్తగా కొన్నదానికి 60 రోజుల లాక్ ఉంది, అది తీరాక.
- రెండో విడత స్టిక్కర్లు ప్రింట్‌కు వెళ్లాయి. ఈసారి క్యూఆర్ కింద అడ్రస్‌ను చిన్నక్షరాల్లో, కోడ్‌లో పెద్దక్షరాల్లో ఉంచాం. కింద కూడా పెద్దక్షరాలే వేస్తే జనం క్యాప్స్ లాక్ నొక్కి మరీ టైప్ చేస్తున్నారు.